పెద్ద లీగ్‌ చేరని పిచర్‌

ఉత్తరప్రదేశ్‌ పల్లె నుంచి అమెరికా బేస్‌బాల్‌ మైదానానికి వెళ్లిన రింకూ సింగ్‌ ప్రయాణం, ఆటల్లో మెరుస్తున్న పిల్లల తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఏం చెబుతోంది?

రింకూ సింగ్‌ ఎవరని బడిలో అడిగితే పిల్లలు తడుముకోకుండా క్రికెటర్‌ అని చెబుతారు. 2023 ఏప్రిల్‌లో గుజరాత్‌ టైటాన్స్‌ మీద చివరి ఓవర్లో వరసగా ఐదు సిక్సర్లు కొట్టి కోల్‌కతాను గెలిపించిన కుర్రాడు మరి! అదే ఉత్తరప్రదేశ్‌లో, అదే పేరుతో, అదే ఎడమచేతి వాటంతో ఇంకో ఆటగాడు ఉన్నాడు. అతడు అంతకు చాలా ఏళ్ల ముందే అమెరికా వెళ్లాడు. ఆడింది క్రికెట్‌ కాదు, బేస్‌బాల్‌. అక్కడి పిట్స్‌బర్గ్‌ పైరేట్స్‌ క్లబ్‌లో ఏళ్ల తరబడి ఉన్నాడు. కానీ ఆ దేశపు అత్యున్నత పోటీ అయిన మేజర్‌ లీగ్‌లో ఒక్క మ్యాచ్‌ కూడా ఆడలేదు. అతడి ఆట అంతా మైనర్‌ లీగ్‌లోనే గడిచింది.

అలాంటి ఆటగాడి గురించి మన బడుల పేజీలో ఎందుకని మీరు అడగొచ్చు. శిఖరం ఎక్కినవాళ్ల కథలు మనకు ఎటూ వినబడుతూనే ఉంటాయి. సగం మెట్లు ఎక్కి ఆగినవాళ్లు వాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మన పిల్లల్లో ఎవరైనా ఆటల బాట పడితే, ఆ బిడ్డ నడిచేది చాలావరకు ఈ రెండో దారిలోనే. బళ్లారిలోనైనా, హోసూరులోనైనా, బరంపురంలోనైనా, షోలాపూర్‌లోనైనా, యానాంలోనైనా జిల్లా స్థాయి పతకం తెచ్చుకున్న పిల్ల ఇంట్లో వచ్చే ప్రశ్న ఒకటే. ‘ఆటలో పెట్టాలా, చదువులో పెట్టాలా?’ దానికి నిజాయితీగా జవాబు వెతకాలంటే, నెగ్గినవాళ్ల కథ ఒక్కటే చాలదని మేము అనుకున్నాం.

బల్లెం విసిరిన చెయ్యి

రింకూ 1988లో పుట్టాడు. సొంత జిల్లా భదోహి. తండ్రి లారీ డ్రైవర్‌. తొమ్మిది మంది సంతానంలో ఒకడు. బడి రోజుల్లో జావెలిన్‌ త్రో, అంటే బల్లెం విసరడం పట్టుకున్నాడు. జూనియర్‌ జాతీయ స్థాయిలో పతకం తెచ్చుకున్నాడు. లక్నోలోని గురు గోవింద్‌ సింగ్‌ స్పోర్ట్స్‌ కాలేజీలో సీటు వచ్చింది. అక్కడే వారణాసి వైపు నుంచి వచ్చిన దినేశ్‌ పటేల్‌ కూడా జావెలిన్‌ విసిరేవాడు.

2008లో ‘మిలియన్‌ డాలర్‌ ఆర్మ్‌’ అనే పోటీ మన దేశానికి వచ్చింది. అమెరికాలో ఆటగాళ్ల ఏజెంటుగా పనిచేసే జె.బి. బెర్న్‌స్టీన్‌, ఆయన భాగస్వాములు కలిసి దాన్ని పెట్టారు. క్రికెట్‌ మీద ఇంత పిచ్చి ఉన్న దేశంలో వేగంగా, గురి తప్పకుండా బంతి విసిరే చేతులు దొరక్కపోవని వాళ్ల ఆలోచన. 37 వేల మందికి పైగా వచ్చి బంతి విసిరారు. రింకూ గంటకు 87 మైళ్లు, అంటే దాదాపు 140 కిలోమీటర్ల వేగంతో విసిరి మొదటి బహుమతి లక్ష డాలర్లు గెలుచుకున్నాడు. దినేశ్‌ది రెండో స్థానం.

డ్రిల్లు మాస్టార్లు గమనించాల్సిన విషయం ఒకటి ఇక్కడ ఉంది. నెగ్గిన ఇద్దరూ క్రికెట్‌ బౌలర్లు కారు, జావెలిన్‌ విసిరేవాళ్లు. క్రికెట్‌ బౌలర్‌ మోచెయ్యి వంచి విసిరితే నోబాల్‌. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్‌కు ఆ అడ్డు లేదు. అతడు పరుగెత్తుకుంటూ రాడు. పది అంగుళాల ఎత్తున్న మట్టి దిబ్బ మీద నిలబడి, 18.44 మీటర్ల దూరంలో ఉన్న బ్యాటర్‌ వైపు బంతిని నేల తాకకుండా విసురుతాడు. కాలితో నేలను నెట్టి, నడుము తిప్పి, ఆ బలాన్ని భుజం మీదుగా చేతిలోకి తేవాలి. జావెలిన్‌లో చేసేదీ దాదాపు అదే. ఒక ఆటలో నేర్చిన ఒడుపు ఇంకో ఆటలో తలుపు తెరిచిందన్నమాట. చిన్నప్పటి నుంచి పిల్లలను ఒక్క ఆటకే కట్టెయ్యకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మాకు కనబడలేదు.

ఆ ఇద్దరినీ లాస్‌ ఏంజెలిస్‌ తీసుకెళ్లారు. సదరన్‌ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో టామ్‌ హౌస్‌ దగ్గర శిక్షణ ఇప్పించారు. ఆయన ఒకప్పుడు మేజర్‌ లీగ్‌ పిచర్‌. తర్వాత పిచింగ్‌ కోచ్‌గా ఇంకా ఎక్కువ పేరు తెచ్చుకున్నారు. అదే ఏడాది నవంబరులో పిట్స్‌బర్గ్‌ పైరేట్స్‌ క్లబ్‌ ఇద్దరితోనూ ఒప్పందం చేసుకుంది. అమెరికా ప్రొఫెషనల్‌ బేస్‌బాల్‌లో భారతీయులకు దక్కిన తొలి ఒప్పందాలు అవే.

నారుమడి లాంటి లీగ్‌

ఇక్కడ మైనర్‌ లీగ్‌ అంటే ఏమిటో కాస్త చెప్పుకోవాలి. మేజర్‌ లీగ్‌లో 30 జట్లు ఉన్నాయి. ప్రతి జట్టుకూ కింద కొన్ని చిన్న జట్లు ఉంటాయి. వాటిని ‘ఫార్మ్‌’ జట్లు అంటారు. అంటే పొలం. మన మాటల్లో చెప్పాలంటే నారుమడి. ముందు నారు పోసి పెంచుతారు, బలంగా ఎదిగిన మొక్కను పీకి పెద్ద పొలంలో నాటుతారు.

తరగతుల్లాగే ఈ జట్లకూ వరస ఉంది. రింకూ చేరిన రోజుల్లో అన్నిటికంటే కింద డొమినికన్‌ సమ్మర్‌ లీగ్‌. ఆపైన ఫ్లోరిడాలో కొత్తవాళ్ల కోసం నడిపే గల్ఫ్‌ కోస్ట్‌ లీగ్‌. తర్వాత వేసవిలో మాత్రమే ఆడే చిన్న సీజన్‌ జట్లు. ఆపైన లో-ఏ, హై-ఏ, డబుల్‌-ఏ, ట్రిపుల్‌-ఏ. వాటన్నిటి మీద మేజర్‌ లీగ్‌. ఏ మెట్టు మీద ఎన్నాళ్లు ఉంచాలో, ఎప్పుడు పైకి పంపాలో, ఎప్పుడు ఇంటికి పంపాలో క్లబ్బే చూసుకుంటుంది. ఈ మెట్ల మీద అడుగు పెట్టినవాళ్లలో చివరి మెట్టు చూసేది కొద్దిమందే.

మొదటి ఏడాది మార్కులు

2009 జులై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం రోజున, రింకూ గల్ఫ్‌ కోస్ట్‌ లీగ్‌లో తొలి మ్యాచ్‌ ఆడాడు. జులై 13న జట్టు గెలుపు అతడి ఖాతాలో పడింది. అమెరికా ప్రొఫెషనల్‌ బేస్‌బాల్‌లో మ్యాచ్‌ గెలిచిన తొలి భారత పౌరుడయ్యాడు.

పేపర్లలో ఆ వార్త బాగానే వచ్చింది. లెక్కలు మాత్రం అంత బాగా లేవు. పిచర్‌ ఎలా ఆడుతున్నాడో చూడటానికి ఒక సగటు ఉంది. తొమ్మిది ఇన్నింగ్స్‌కు అతడు ఎన్ని పరుగులు ఇస్తున్నాడన్నదే ఆ లెక్క. మన క్రికెట్‌ బౌలర్‌కు ఉన్నట్టే, అది ఎంత తక్కువైతే అంత మంచిది. తొలి ఏడాది 11 మ్యాచ్‌లలో రింకూ సగటు 5.84. అదే ఏడాది, అదే జట్టులో దినేశ్‌ సగటు 1.42. ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి ఇద్దరిలో ఎవరు పైకి వస్తారని అడిగితే అందరూ దినేశ్‌ పేరే చెబుతారు.

జరిగింది వేరు. రెండో ఏడాది దినేశ్‌ తడబడ్డాడు. 2010 డిసెంబరులో క్లబ్‌ అతణ్ని వదిలేసింది, అతడు ఇండియా వచ్చేశాడు. రింకూ రెండో ఏడాదికి మెరుగయ్యాడు. 2011లో ఒకే ఏడాది మూడు మెట్ల మీద ఆడాడు. డొమినికన్‌ లీగ్‌లో మొదలుపెట్టి, స్టేట్‌ కాలేజ్‌ జట్టు మీదుగా లో-ఏలోని వెస్ట్‌ వర్జీనియా పవర్‌ జట్టు చేరాడు. ఆ చలికాలం విశ్రాంతి తీసుకోకుండా ఆస్ట్రేలియా లీగ్‌లో కాన్‌బెరా జట్టుకు ఆడాడు. 2012లో వెస్ట్‌ వర్జీనియాకే 39 మ్యాచ్‌లు ఆడి, 72 ఇన్నింగ్స్‌ వేసి, సగటు 3.00కి తెచ్చాడు.

బంతి పట్టుకున్న నాలుగైదేళ్లకే, ఆ దేశపు పిల్లలు ఐదారేళ్ల వయసు నుంచి ఆడే ఆటలో, వాళ్లతో సమంగా నిలబడ్డాడు. మొదటి యూనిట్‌ టెస్టు మార్కులు చూసి బిడ్డ భవిష్యత్తు చెప్పేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఈ ఇద్దరు మిత్రుల సగటులు ఒకసారి గుర్తు చేసుకుంటే ఆ అలవాటు కొంత తగ్గుతుంది.

జీతం తక్కువ, బస్సు ప్రయాణం ఎక్కువ

అమెరికాలో ఆడుతున్నాడంటే కోట్లు సంపాదిస్తున్నాడనే అనుకుంటాం. మేజర్‌ లీగ్‌ సంగతి అదే. నారుమడి లెక్క వేరు. రింకూ అడుగు పెట్టిన రోజుల్లో తొలి సీజన్‌ మైనర్‌ లీగ్‌ ఆటగాడికి నెలకు 1,100 డాలర్లు వచ్చేవి. అప్పటి మారకంలో 50 వేల రూపాయల పైచిలుకు. మన ఊళ్లో అది మంచి జీతమే, కానీ ఖర్చులు అమెరికావి. పైగా ఆ జీతం సీజన్‌ నడిచే నెలలకే. సీజన్‌ ముందు వారాల తరబడి సాగే శిక్షణ శిబిరానికి జీతం లేదు. బయటి ఊళ్లకు వెళ్లినప్పుడు తిండికి రోజు బత్తా 25 డాలర్లు. రాత్రంతా బస్సులో ప్రయాణం, ఒక్కో అద్దె ఇంట్లో నలుగురైదుగురు. కొన్ని ఊళ్లలో ఆట మీద అభిమానమున్న కుటుంబాలు ఆటగాళ్లను తమ ఇంట్లో పెట్టుకునేవి. సీజన్‌ అయిపోగానే చాలామంది దుకాణాల్లోనో, గోదాముల్లోనో పనికి కుదిరేవారు.

నారు పోసినవాడు నీరు పోయడా అంటారు మన పెద్దలు. ఇక్కడ మాత్రం నీరు అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది. 2014లో కొందరు మాజీ ఆటగాళ్లు కనీస వేతనం కోసం కోర్టుకెక్కారు. 2022లో 18.5 కోట్ల డాలర్ల పరిహారంతో ఆ కేసు రాజీ అయింది. క్లబ్బులే ఆటగాళ్లకు వసతి చూపించడం ఆ ఏడాదే మొదలైంది. మైనర్‌ లీగ్‌ ఆటగాళ్లు సంఘంలో చేరిందీ అప్పుడే. 2023లో తొలి ఉమ్మడి ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం అట్టడుగు మెట్టు మీద ఏడాదికి 4,800 డాలర్లున్న కనీస జీతం 19,800 అయింది. ట్రిపుల్‌-ఏలో 17,500 నుంచి 35,800కు పెరిగింది. రింకూ తరం ఆటగాళ్లు ఈ మార్పు వచ్చేసరికే మైదానం వదిలేశారు.

బిడ్డను అకాడమీలో చేర్చేటప్పుడు ఫీజు ఎంత, కోచ్‌ ఎవరు అని మనం తప్పకుండా అడుగుతాం. ఒప్పందం ఎన్నాళ్లు, దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది, చదువు సంగతేమిటి అని కూడా అంతే గట్టిగా అడగాలి. అది బిడ్డ మీద నమ్మకం లేక కాదు.

భాష రాని చోట

రింకూ, దినేశ్‌ విమానం ఎక్కేనాటికి వాళ్లకు ఇంగ్లిష్‌ రాదు. హిందీ మాట్లాడే పల్లె పిల్లలు. కొత్త ఆట, కొత్త తిండి, కొత్త భాష మూడూ ఒకేసారి మీద పడ్డాయి. మొదట్లో పక్కన దుబాసీ ఉండేవాడు. తర్వాత టీవీ చూస్తూ, జట్టువాళ్లతో మాట్లాడుతూ ఇద్దరూ ఇంగ్లిష్‌ నేర్చుకున్నారు.

రెండు మూడు భాషల మధ్య పెరిగే మన పిల్లలకు ఇది తెలియని సంగతి కాదు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో, పరీక్షలో ఇంగ్లిష్‌. ఒక భాషలో గట్టిగా ఆలోచించడం వచ్చిన బిడ్డ, అవసరం పడినప్పుడు ఇంకో భాష అందుకుంటుంది. రింకూ, దినేశ్‌లకు ఇంగ్లిష్‌ రాకపోవడం కొన్నాళ్ల ఇబ్బందే అయింది కానీ అడ్డుగోడ కాలేదు. పిచర్‌, అతడి బంతి అందుకునే క్యాచర్‌ అప్పట్లో మైదానంలో వేళ్ల సైగలతోనే మాట్లాడుకునేవారు. కష్టమంతా మైదానం బయటే. డాక్టరుకు నొప్పి ఎక్కడో చెప్పాలి, ఒప్పందం కాగితం చదువుకోవాలి, కోచ్‌ తిట్టాడో మెచ్చుకున్నాడో తెలుసుకోవాలి.

అమెరికా బేస్‌బాల్‌ కూడా ఈ సంగతి నెమ్మదిగానే గ్రహించింది. ఆ ఆటలో డొమినికన్‌ రిపబ్లిక్‌, వెనిజులా వంటి దేశాల నుంచి వచ్చే స్పానిష్‌ కుర్రాళ్లు చాలామంది. మేజర్‌ లీగ్‌ జట్లన్నీ స్పానిష్‌ దుబాసీలను పూర్తికాలం ఉద్యోగులుగా పెట్టుకోవాలనే నియమం 2016లో వచ్చింది. పైరేట్స్‌ క్లబ్‌ డొమినికన్‌ రిపబ్లిక్‌లోని తన అకాడమీలో కుర్రాళ్లకు ఆటతో పాటు హైస్కూలు చదువు కూడా పూర్తి చేయిస్తోంది. ఆటగాళ్లలో ఎక్కువమంది పెద్ద లీగ్‌ చేరరన్న సంగతి క్లబ్బుకు తెలుసు. ఆట ఆగిన రోజున చేతిలో ఒక సర్టిఫికెట్టయినా ఉండాలని చేసిన ఏర్పాటు అది.

మోచెయ్యి చెప్పిన మాట

2012లో అంత బాగా ఆడిన రింకూకు మరుసటి సీజన్‌ మొత్తం పోయింది. గాయం. తర్వాత మోచేతికి ‘టామీ జాన్‌’ ఆపరేషన్‌. కోలుకునేసరికి ఏళ్లు గడిచాయి. లో-ఏ నుంచి మేజర్‌ లీగ్‌కు మధ్యలో ఇంకా మూడు మెట్లు ఉండిపోయాయి. అతడు వాటిని ఎక్కలేకపోయాడు.

ఈ ఆపరేషన్‌ గురించి రెండు మాటలు. మోచేతి లోపలి వైపు రెండు ఎముకలను పట్టి ఉంచే నారలాంటి స్నాయువు ఒకటి ఉంటుంది. అదే పనిగా బలంగా విసిరితే అది సాగి, చిట్లి, ఒక్కోసారి తెగిపోతుంది. ఒంట్లో మరో చోటి నుంచి నర తీసి దాని స్థానంలో కుడతారు. 1974లో డాక్టర్‌ ఫ్రాంక్‌ జోబ్‌ దీన్ని తొలిసారి టామీ జాన్‌ అనే పిచర్‌కు చేశారు. ఆ పిచర్‌ తిరిగి వచ్చి 1989 దాకా ఆడాడు. అందుకే ఆపరేషన్‌కు ఆయన పేరు. కోలుకోవడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. టామీ జాన్‌ అప్పటికే పేరున్న ఆటగాడు. కింది మెట్టు మీద ఉన్న కుర్రాడికి ఏడాదిన్నర పోవడమంటే, ఆలోగా అతడి స్థానంలోకి కొత్తవాళ్లు వచ్చేయడమే.

ఇది మన బడి మైదానానికి సంబంధించిన సంగతి కూడా. అమెరికాలో పిల్లల మోచేతులు దెబ్బతినడం చూసి, 2014లో వయసును బట్టి రోజుకు ఎన్ని బంతులు విసరాలో పరిమితులు ప్రకటించారు. 9–10 ఏళ్లవాళ్లకు 75, 11–12 ఏళ్లవాళ్లకు 85, 13 నుంచి 16 ఏళ్లవాళ్లకు 95. ఎక్కువ విసిరిన రోజు తర్వాత తప్పనిసరి విశ్రాంతి. ఆ అంకెలు బేస్‌బాల్‌కు వేసినవి, క్రికెట్‌కు అలాగే అతికించలేం. కానీ లెక్క పెట్టాలన్న సూత్రం ఫాస్ట్‌ బౌలింగ్‌కైనా, జావెలిన్‌కైనా ఒకటే. జట్టులో బాగా వేసే పిల్లాడొక్కడే ఉంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా వాడి చేతే వేయించడం మన టోర్నమెంట్లలో మామూలు. వాడు నొప్పి అని చెప్పడు. జట్టులోంచి తీసేస్తారని భయం. అందుకే లెక్క పెద్దవాళ్లే రాసి పెట్టుకోవాలి.

బంతి వదిలిన తర్వాత

రింకూ కథ మీద 2014లో డిస్నీ సంస్థ ‘మిలియన్‌ డాలర్‌ ఆర్మ్‌’ సినిమా తీసింది. సూరజ్‌ శర్మ రింకూగా నటించాడు, ఎ.ఆర్‌. రెహమాన్‌ సంగీతం ఇచ్చారు. సినిమా ఒప్పందం దగ్గరే ముగిసిపోతుంది. అది థియేటర్లకు వచ్చిన సమయానికి అసలు రింకూ ఆటకు దూరంగా, చెయ్యి బాగయ్యే రోజు కోసం ఎదురుచూస్తున్నాడు.

బేస్‌బాల్‌ వదిలాక అతడు అదే ఒళ్లును, అదే క్రమశిక్షణను మరో చోట పెట్టాడు. 2018లో డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీ సంస్థలో చేరాడు. వీర్‌ మహాన్‌ అనే పేరుతో 2024 దాకా అక్కడ ఉన్నాడు. ఈ పేరు మాత్రం పిల్లల్లో చాలామందికి తెలిసే ఉంటుంది.

పిచర్‌గా రింకూ గెలిచాడా, ఓడాడా? మేజర్‌ లీగ్‌ ఒక్కటే కొలబద్ద అయితే గెలవలేదు. లారీ డ్రైవర్‌ కొడుకు తాను పేరు కూడా వినని ఆటలో ప్రొఫెషనల్‌ స్థాయికి చేరాడు. కొత్త భాష నేర్చుకున్నాడు, మూడు దేశాల్లో ఆడాడు, ఆట ఆగిన రోజున మరో పని వెతుక్కోగలిగాడు. వీటిని కూడా లెక్కలో వేస్తే జవాబు మారుతుంది. అదే సమయంలో గాయం, తక్కువ జీతం, అనిశ్చితి కూడా ఆ ఖాతాలోవే. మంచి ఒక్కటే చూపించి పిల్లను పంపకూడదు, చెడు ఒక్కటే చూపించి ఆపేయకూడదు.

ఇంట్లో, బడిలో మనం చేయగలిగినవి

· పన్నెండు, పదమూడేళ్ల దాకా పిల్లలను రెండు మూడు ఆటలు ఆడనివ్వండి. ఏ ఆట ఒడుపు ఎక్కడ పనికొస్తుందో ముందే చెప్పలేం.

· బౌలింగ్‌ చేసే, విసిరే పిల్లలు రోజుకు ఎన్ని బంతులు వేశారో నోటు పుస్తకంలో రాయించండి. నొప్పి చెప్పిన బిడ్డను పిరికి అనకండి, జట్టులోంచి తీసేస్తామని బెదిరించకండి.

· స్పోర్ట్స్‌ హాస్టల్‌, అకాడమీ ఏదైనా సరే, చేర్చేముందు చదువు ఎలా సాగుతుందో, గాయమైతే ఏం చేస్తారో కాగితం మీద అడిగి తీసుకోండి. కాగితం మీకు రాని భాషలో ఉంటే చదివి చెప్పేవాళ్లను వెంట తీసుకెళ్లండి.

· పదో తరగతి, ఇంటర్‌ పరీక్షలు టోర్నమెంట్ల కోసం వాయిదా వేసే పరిస్థితి వస్తే, తిరిగి ఎప్పుడు రాస్తారో అప్పుడే తేదీ రాసుకోండి.

· ఒక్క సీజన్‌ ఫలితం చూసి పొగడ్తలు గానీ తీర్పులు గానీ వద్దు. కనీసం రెండు మూడేళ్లు గమనించండి.

· ‘పెద్ద జట్టులోకి వచ్చావా?’ అని అడిగే ముందు ‘ఈ ఏడాది కొత్తగా ఏం నేర్చావు?’ అని అడగండి. ఆట ఆగిపోయిన రోజున బిడ్డ దగ్గర మిగిలేది ఆ జవాబే.